అణువుతో దీపం వెలిగించిన హోమీ భాభా

అణువు అనగానే మనలో చాలామందికి ముందు బాంబే గుర్తుకు వస్తుంది. హిరోషిమా, నాగసాకి పాఠం అలాంటిది. కాని అదే అణువు లోపలి శక్తితో నీళ్ళు మరిగించి, ఆవిరి పుట్టించి, ఊళ్ళకు రాత్రింబవళ్ళు ఒకే తీరుగా కరెంటు ఇవ్వవచ్చని గట్టిగా నమ్మి, ఆ నమ్మకం కోసం ఇరవై ఏళ్ళు పనిచేసిన భారతీయుడు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ హోమీ జహంగీర్ భాభా. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన ఒక బిట్టు ప్రశ్న మాత్రమే. భారత అణుశక్తి పితామహుడు ఎవరు అని అడుగుతారు. నాలుగు పేర్లలో ఒకదానికి టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోతాం. ఆ ఒక్క మార్కు వెనుక ఉన్న జీవితం ఎలాంటిదో, ఆయన తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రం అసలు ఎలా పనిచేస్తుందో మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. భాభా మనలాంటి ఇళ్ళలో పుట్టినవారు కాదు. ఆయనకు ఆకలి తెలియదు, ఫీజు కట్టలేని రోజు తెలియదు. కాబట్టి పేదరికాన్ని జయించిన కథగా దీన్ని చదవకూడదు. చేతిలో అన్నీ ఉన్న మనిషి వాటిని దేనికి వాడాడన్న కథగా చదవాలి.

బాల్యం, చదువు

హోమీ భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా న్యాయవాది. తాతగారు మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేశారు. మేనత్త మెహర్‌బాయి టాటాల ఇంటి కోడలు, దోరాబ్జీ టాటా గారి భార్య. ఇంటి నిండా పుస్తకాలు, పాశ్చాత్య సంగీతం రికార్డులు. మేనత్త ఇంటికి వెళితే ఉక్కు కర్మాగారాల గురించి, జలవిద్యుత్ కేంద్రాల గురించి పెద్దల మాటలు చెవిన పడేవి. దేశానికి పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకు కరెంటు కావాలి అన్న సంగతి ఆ పిల్లవాడికి పుస్తకాలకంటే ముందే తెలిసింది.

కేథడ్రల్ స్కూలులో చదువు అయ్యాక ఆయన ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో, ఆపైన రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివారు. ఇక్కడ మనం ఆగి గుర్తు చేసుకోవలసిన విషయం ఒకటుంది. అదే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో అంతకు దశాబ్దం పైగా ముందు బాబాసాహెబ్ అంబేద్కర్ చదివి, 1912లో బి.ఏ. పట్టా పొందారు. ఒకరు చిన్ననాడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నవారు. మరొకరు మోటారు కారులో బడికి వెళ్ళగల ఇంటివారు. కాలేజీ ఒక్కటే, అక్కడికి చేరిన దారులు వేరు. దేశానికి కరెంటు కావాలన్న చోట మాత్రం ఆ రెండు దారులూ దగ్గరకు వచ్చాయి. ఆ సంగతి ముందు చెప్పుకుందాం.

నాన్నకు రాసిన ఉత్తరం

1927లో హోమీని కేంబ్రిడ్జికి పంపారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది తండ్రి కోరిక, టాటాల కోరిక కూడా. ఉద్యోగం సిద్ధంగా ఉంది. చదువు పూర్తి చేయడమే తరువాయి. కాని అక్కడ చేరిన కొద్ది కాలానికే ఆయన మనసు భౌతికశాస్త్రం మీదికి మళ్ళింది. పరమాణువు లోపల ఏముందో అప్పుడప్పుడే బయటపడుతున్న రోజులవి. కేంబ్రిడ్జి ఆ పరిశోధనలకు పుట్టిల్లు. 1928లో ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. వ్యాపారంలోనో ఇంజనీరు ఉద్యోగంలోనో తాను ఇమడలేనని, భౌతికశాస్త్రమే తన మార్గమని, అందులో తప్పకుండా ఏదో ఒకటి సాధిస్తానని అందులో వివరించారు.

తండ్రి కోప్పడలేదు, అలాగని వెంటనే సరేననలేదు. ముందు ఇంజనీరింగ్ పరీక్షలో ఫస్టు క్లాసు తెచ్చుకోమని, తెచ్చుకుంటే మరో రెండేళ్ళు గణితం చదవడానికి డబ్బు పంపుతానని షరతు పెట్టారు. ఇష్టం లేని చదువని హోమీ దాన్ని వదిలేయలేదు. 1930లో ఇంజనీరింగ్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్నారు. 1932లో గణితంలోనూ ఫస్టు క్లాసే. డిరాక్ వంటి మహాశాస్త్రవేత్త దగ్గర పాఠాలు విన్నారు. 1935లో డాక్టరేటు అందుకున్నారు. తరువాతి కాలంలో అణువిద్యుత్ కేంద్రాలు కట్టించవలసి వచ్చినప్పుడు, ఇష్టం లేకుండా చదివిన ఆ ఇంజనీరింగే ఆయనకు అక్కరకు వచ్చింది.

ఆయన పరిశోధన ప్రధానంగా విశ్వకిరణాల మీద. అంతరిక్షం నుంచి వచ్చే ఈ కిరణాలు గాలిలోని పరమాణువులను ఢీకొని జల్లుల్లా ఎలా విస్తరిస్తాయో 1937లో హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి వివరించారు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదానినొకటి ఢీకొని చెదిరే తీరును ఆయన లెక్కగట్టారు. దానికి భాభా స్కాటరింగ్ అని ఆయన పేరే నిలిచింది. 1941లో, 31 ఏళ్ళ వయసులోనే లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు.

సెలవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు

1939లో సెలవులకు ఇండియా వచ్చిన భాభా తిరిగి వెళ్ళలేకపోయారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ ఆధ్వర్యంలోని భౌతికశాస్త్ర విభాగంలో రీడరుగా చేరారు. యుద్ధం అయిపోతే విదేశంలో మంచి ఉద్యోగం దొరకడం ఆయనకు కష్టం కాదు. కాని ఆ నాలుగైదేళ్ళలో ఆయన ఆలోచన మారింది. మన దేశంలో సరైన పరిశోధనాలయం లేకపోతే తెలివైన పిల్లలందరూ ఓడ ఎక్కవలసిందేనని ఆయనకు అర్థమైంది.

1944 మార్చి 12న దోరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక లేఖ రాశారు. భౌతికశాస్త్రంలో మూల పరిశోధనకు ఒక సంస్థ కావాలని కోరారు. మరికొన్నేళ్ళలో అణుశక్తితో కరెంటు తయారుచేసే రోజు వస్తుందని, అప్పుడు నిపుణుల కోసం భారతదేశం బయటి దేశాల వంక చూడవలసిన అవసరం ఉండకూడదని అందులో వాదించారు. ఆ లేఖ రాసే నాటికి హిరోషిమా మీద ఇంకా బాంబు పడలేదు. ప్రపంచంలో ఎక్కడా అణువిద్యుత్తుతో ఒక్క బల్బు కూడా వెలగలేదు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా మూడేళ్ళుంది.

ట్రస్టు ఒప్పుకుంది. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెంగుళూరులో ప్రారంభమై, ఆ ఏడాది చివర బొంబాయికి మారింది. బొంబాయిలో దానికి మొదటి చోటు భాభా బంధువుల బంగళాలోనే. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. దానికి భాభాయే అధ్యక్షులు. 1954లో అణుశక్తి శాఖ ప్రధానమంత్రి నెహ్రూ కింద ఏర్పడి, దాని కార్యదర్శిగానూ ఆయనే నియమితులయ్యారు. అదే సంవత్సరం ట్రాంబేలో అణుశక్తి పరిశోధన కేంద్రం మొదలైంది.

కరెంటు నిలకడగా ఎందుకు ఉండాలి?

కరెంటుకు ఒక గుణం ఉంది. బియ్యంలాగా బస్తాలకెత్తి గోదాములో దాచుకోవడం కుదరదు. ఎక్కువ మొత్తంలో నిల్వ చేయడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకే ఏ క్షణం ఎంత వాడుతున్నామో ఆ క్షణం అంతే తయారు కావాలి. వాడకం పెరిగి తయారీ తగ్గితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కంటే పడిపోతుంది. అది మరీ పడిపోకుండా ఏదో ఒక ఊరికి కరెంటు తీసేస్తారు. మన సీనియర్లు పదో తరగతి పరీక్షల ముందు స్టడీ అవర్‌లో కొవ్వొత్తులు పెట్టుకుని చదివిన రోజుల వెనుక ఉన్న లెక్క ఇదే. ఇన్వర్టరు ఉన్న ఇంటి పిల్లవాడికి ఆ కోత తెలియదు. హాస్టల్ పిల్లవాడి చదువు మాత్రం ఆగిపోతుంది. నిలకడ లేని కరెంటు అందరినీ ఒకేలా బాధించదు, లేనివాడిని ఎక్కువ బాధిస్తుంది.

ఈ సంగతిని ముందే గుర్తించినవారిలో అంబేద్కర్ ఒకరు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఆయన విద్యుత్తు, నీటి వనరుల వ్యవహారాలు కూడా చూశారు. చౌకగా, పుష్కలంగా కరెంటు లేనిదే పరిశ్రమలు రావని, పరిశ్రమలు రానిదే భూమి లేని పేదవాడికి బతుకు మారదని ఆయన వాదం. దేశమంతటి విద్యుత్ ప్రణాళిక కోసం 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఏర్పడింది ఆయన హయాంలోనే. అదే 1944లో భాభా టాటా ట్రస్టుకు లేఖ రాశారు. ఒకరు న్యాయం వైపు నుంచి, మరొకరు విజ్ఞానం వైపు నుంచి ఒకే అవసరాన్ని గుర్తించారు.

ఆనాడు కరెంటుకు ఉన్న ఆధారాలు రెండే, నీరు, బొగ్గు. నీటికి వాన కావాలి. వాన తప్పితే జలాశయం అడుగంటుతుంది. బొగ్గు గనులు ఎక్కువగా బీహారు, బెంగాల్ వైపు ఉన్నాయి. బొంబాయి, గుజరాత్ మిల్లులకు ఆ బొగ్గు వందల మైళ్ళు రైలులో రావాలి. వ్యాగన్లు దొరకకపోతే బాయిలరు చల్లారినట్టే. బొగ్గుకు దూరంగా ఉన్న పశ్చిమ, దక్షిణ ప్రాంతాలకు అణువిద్యుత్తే తగినదని భాభా లెక్కలు వేసి చూపించారు. ఒక గ్రాము యురేనియం 235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే వచ్చే వేడి దాదాపు 3 టన్నుల మంచి బొగ్గును కాల్చితే వచ్చే వేడికి సమానం. ఏడాదికి పైగా సరిపోయే ఇంధనం ఒకేసారి రియాక్టరులో పెట్టుకోవచ్చు. వానతోనూ పని లేదు, వ్యాగన్లతోనూ పని లేదు.

అణువిద్యుత్ కేంద్రం ఎలా పనిచేస్తుంది?

థర్మల్ కేంద్రానికీ, అణు కేంద్రానికీ తేడా పొయ్యిలోనే ఉంది. మిగతాదంతా దాదాపు ఒకటే. నీళ్ళు మరిగితే ఆవిరి వస్తుంది, ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు దాని వోల్టేజీని పెంచి హైటెన్షన్ లైన్ల మీద సబ్‌స్టేషన్లకు పంపిస్తాయి.

పొయ్యి సంగతి చూద్దాం. యురేనియం 235 కేంద్రకాన్ని ఒక న్యూట్రాన్ తాకితే అది రెండు ముక్కలవుతుంది. వేడితోపాటు రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటకు వస్తాయి. అవి మరికొన్ని కేంద్రకాలను పగలగొడతాయి. ఇదే శృంఖల చర్య. బాంబులో ఇది రెప్పపాటులో పెరిగిపోతుంది. విద్యుత్ కేంద్రంలో అలా కానివ్వరు. ఒక్కొక్క విచ్ఛిత్తి నుంచి వచ్చిన న్యూట్రాన్లలో సరిగ్గా ఒక్కటే తరువాతి విచ్ఛిత్తికి కారణమయ్యేలా చూస్తారు. మిగిలినవి ఇంధనంలో, చుట్టూ ఉన్న పదార్థాల్లో, నియంత్రణ కడ్డీల్లో ఇంకిపోతాయి. బోరాన్ వంటి పదార్థాలతో చేసిన ఈ కడ్డీలు న్యూట్రాన్లను మింగేస్తాయి.

మెస్‌లో పెద్ద గుండిగలో అన్నం ఉడికేటప్పుడు వంటమనిషి కట్టెలను లోపలికి తోస్తూ, వెనక్కి లాగుతూ మంటను ఒకే తీరున నిలుపుతాడు కదా. రియాక్టరులోనూ జరిగేది అదే, కాని తిరగేసి. ఇక్కడ కడ్డీలు లోపలికి తోస్తే వేడి తగ్గుతుంది, బయటకు లాగితే పెరుగుతుంది. ప్రకృతి కూడా ఇందులో మనకు సాయం చేసింది. న్యూట్రాన్లలో నూటికి ఒకటి కంటే తక్కువ భాగం కొద్ది సెకన్లు ఆలస్యంగా వెలువడతాయి. ఆ ఆలస్యమే లేకపోతే కడ్డీలను కదిపేందుకు మనిషికి గాని యంత్రానికి గాని వ్యవధి దొరకదు.

తారాపూర్‌లో వాడిన రకంలో నీళ్ళు రియాక్టరు లోపలే మరిగి ఆవిరి అవుతాయి. ఆ నీళ్ళే న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే మితకారిగానూ పనిచేస్తాయి. టర్బైనును తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సరులో సముద్రపు నీటి గొట్టాలతో చల్లార్చి మళ్ళీ నీరుగా మార్చి రియాక్టరుకు పంపుతారు. పుట్టిన వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. తక్కినది సముద్రం పాలు. అందుకే ఇలాంటి కేంద్రాలు సముద్రం ఒడ్డునో పెద్ద జలాశయం పక్కనో ఉంటాయి.

ఇలాంటి కేంద్రం కట్టడానికి ఖర్చు చాలా ఎక్కువ, నడిపే ఇంధనం ఖర్చు తక్కువ. కాబట్టి దాన్ని ఆపుతూ నడుపుతూ ఉండడం కంటే పూర్తి సామర్థ్యంతో ఎడతెగకుండా నడపడమే లాభం. అర్ధరాత్రి అందరూ నిద్రపోయినా ఆసుపత్రులకు, రైళ్ళకు, నీటి పంపులకు, ఫ్యాక్టరీలకు తప్పనిసరిగా కావలసిన కరెంటు కొంత ఉంటుంది. దాన్ని బేస్ లోడ్ అంటారు. ఆ కనీస భారాన్ని మోసే దూలం అణువిద్యుత్ కేంద్రం. సాయంత్రం ఆరింటికి ఒక్కసారిగా పెరిగే వాడకాన్ని జలవిద్యుత్తు వంటివి అందుకుంటాయి.

ఒక లెక్క వేద్దాం. తారాపూర్‌లో ఒక్కో రియాక్టరు మొదట 210 మెగావాట్లది. అంటే 2 లక్షల 10 వేల కిలోవాట్లు. పూర్తిగా నడిస్తే రోజుకు 50 లక్షల 40 వేల యూనిట్లు. ఒక హాస్టల్‌కు రోజుకు 100 యూనిట్లు ఖర్చవుతాయనుకుంటే 50 వేల హాస్టళ్ళకు సరిపోయే కరెంటు అది.

అప్సర నుంచి తారాపూర్ దాకా

భాభా ఒక్కసారిగా విద్యుత్ కేంద్రానికి దూకలేదు. మెట్టు మెట్టుగా ఎక్కారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఆసియాలో మొదటి పరిశోధన రియాక్టరుగా దానికి పేరు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది కాని నిర్మాణం మనవాళ్ళదే. నీటి కొలనులో వేలాడే ఆ రియాక్టరు నుంచి వచ్చే అందమైన నీలికాంతిని చూసి నెహ్రూ ఆ పేరు పెట్టారు. 1960లో కెనడా సాయంతో సైరస్ రియాక్టరు వచ్చింది. 1955లో జెనీవాలో అణుశక్తిని శాంతికి వాడడం గురించి ఐక్యరాజ్యసమితి జరిపిన మొదటి మహాసభకు భాభాయే అధ్యక్షులు.

యంత్రాలకంటే ముందు మనుషులను తయారుచేయాలన్నది ఆయన పద్ధతి. విద్యుత్ కేంద్రానికి టెండర్లు కూడా పిలవకముందే, 1957లో ట్రాంబేలో ట్రైనింగ్ స్కూలు పెట్టారు. అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులను దేశం నలుమూలల నుంచి ఎంపిక చేసి, జీతమిచ్చి చదివించేవారు. ఆ స్కూలు నేటికీ నడుస్తోంది.

మొదటి విద్యుత్ కేంద్రానికి బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలోని తారాపూర్‌ను ఎంచుకున్నారు. మహారాష్ట్ర, గుజరాత్ రెండింటికీ అది అందుబాటులో ఉంటుంది. 1963లో అమెరికాతో ఒప్పందం కుదిరింది. 1964లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతో కాంట్రాక్టు అయింది. భాభా దీర్ఘకాల ప్రణాళికలో ఉన్న రియాక్టరు రకం ఇది కాదు. దీనికి శుద్ధిచేసిన యురేనియం విదేశం నుంచి రావాలి. అయినా ఆయన ఒప్పుకున్నారు. మన గ్రిడ్ మీద, మన మనుషుల చేతుల్లో అణువిద్యుత్తు నడుస్తుందని త్వరగా రుజువు చేయడం ఆయనకు ముఖ్యమనిపించింది. ఆ వెంటే రాజస్థాన్‌లో కెనడా సాయంతో సహజ యురేనియం, భారజలం వాడే కేంద్రానికి కూడా పునాది వేశారు.

మూడు మెట్ల ప్రణాళిక

భాభా ముందుచూపు మూడు మెట్ల ప్రణాళికలో కనిపిస్తుంది. మన దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. కేరళ, తమిళనాడు తీరాల ఇసుకలోనూ, మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలోనూ మోనజైట్ అనే ఖనిజం ఉంది. థోరియం అందులోనిదే. కాని థోరియం తనంతట తాను మండే ఇంధనం కాదు. అందుకని మొదటి మెట్టులో సహజ యురేనియంతో కరెంటు తీయాలి. అప్పుడు ఉపఉత్పత్తిగా ప్లుటోనియం వస్తుంది. రెండో మెట్టులో ఆ ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు నడపాలి. అవి వాడినదానికంటే ఎక్కువ ఇంధనాన్ని పుట్టిస్తాయి. వాటి చుట్టూ థోరియం ఉంచితే అది యురేనియం 233గా మారుతుంది. మూడో మెట్టు దానితో నడుస్తుంది. పంటలో కొంత విత్తనానికి ఉంచి మళ్ళీ విత్తే రైతు తెలివి ఇది. 1954లో ఆయన చెప్పిన ఈ ప్రణాళికలో రెండో మెట్టుకు చెందిన 500 మెగావాట్ల రియాక్టరులో కోర్ లోడింగ్ కల్పాక్కంలో 2024 మార్చిలో మొదలైంది. దాన్నిబట్టి ఆయన ఎంత దూరం చూశారో, పని ఎంత ఆలస్యంగా నడిచిందో రెండూ తెలుస్తాయి.

మన తెలుగు నేలతో అనుబంధం

భాభా బృందంలో ముఖ్యులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన ఈయన భాభా దగ్గర విశ్వకిరణాల పరిశోధనలో చేరి, అప్సరకు కావలసిన ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలను మనవాళ్ళతోనే తయారు చేయించారు. రియాక్టరులో కడ్డీ ఎప్పుడు ఎంత కదలాలో చెప్పేవి ఆ పరికరాలే. ఆ అనుభవంతోనే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు ఈయన వల్లనే వచ్చింది. 1971లో హైదరాబాదులోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడింది. తారాపూర్‌కు, కైగాకు, రాజస్థాన్‌కు వెళ్ళే ఇంధన కట్టలు తయారయ్యేది అక్కడే. మణుగూరులో భారజల కర్మాగారం, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నాయి. దేశపు అణుదీపంలో నూనె చాలావరకు మన ప్రాంతం నుంచే పోస్తున్నారు.

మంచుకొండ మీద ముగింపు

భాభా పెళ్ళి చేసుకోలేదు. బొమ్మలు వేసేవారు, సంగీతం వినేవారు, చెట్లంటే ప్రాణం. కట్టడాలకు అడ్డొచ్చిన చెట్లను నరకనీయకుండా వేళ్ళతో పెకలించి మరోచోట నాటించేవారు. 1966 జనవరి 24న వియన్నాలో జరిగే ఒక సమావేశానికి బయలుదేరిన ఆయన, ఎయిరిండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లోని మౌంట్ బ్లాంక్‌ను ఢీకొనడంతో మరణించారు. అందులో ఉన్న 117 మందిలో ఒక్కరూ మిగలలేదు. అది కుట్ర అని ఎందరో కథలు అల్లారు. విచారణలో తేలింది మాత్రం పైలట్లు పర్వతానికి తాము ఎంత దూరంలో ఉన్నదీ తప్పుగా అంచనా వేశారని. లాల్ బహదూర్ శాస్త్రి మరణించి అప్పటికి రెండు వారాలైనా కాలేదు. ఆ రోజే ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. భాభా వయసు 56 ఏళ్ళు. తారాపూర్ కరెంటును ఆయన చూడలేదు. 1967లో ట్రాంబే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 1969 అక్టోబరు 28న తారాపూర్ రెండు రియాక్టర్లూ వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి.

తరువాత ఏం జరిగింది?

తారాపూర్ నడక నల్లేరు మీద నడక కాలేదు. గ్రిడ్ ఒడుదొడుకులకు కేంద్రం ఆగిపోయిన సందర్భాలున్నాయి. 1974లో పోఖ్రాన్ పరీక్ష తరువాత అమెరికా ఇంధనం విషయంలో పేచీ పెట్టింది. రియాక్టర్ల సామర్థ్యాన్ని 160 మెగావాట్లకు తగ్గించవలసి వచ్చింది. అయినా మన ఇంజనీర్లు వాటిని 50 ఏళ్ళు నడిపారు. 2020లో పెద్ద మరమ్మతుల కోసం ఆపారు. భాభా వేల మెగావాట్ల లెక్కలు వేశారు. కాని 1980 మొదటికి నడుస్తున్నవి మూడే రియాక్టర్లు. నేటికీ దేశపు కరెంటులో అణువిద్యుత్తు వాటా సుమారు 3 శాతమే. మహనీయుల అంచనాలు కూడా తప్పవచ్చునని ఒప్పుకోవడం వారిని తక్కువ చేయడం కాదు.

నిలకడ విషయంలో మాత్రం ఆయన మాట నిలబడింది. కర్ణాటకలోని కైగా కేంద్రంలో 220 మెగావాట్ల ఒకటో రియాక్టరు 2016 మే 13న మొదలుపెట్టి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు సృష్టించింది. తరువాత కెనడాలోని ఒక రియాక్టరు దాన్ని దాటింది. రెండున్నర ఏళ్ళకు పైగా ఒక్క పూట కూడా ఆరని దీపం అది. దాని డిజైను మనది, ఇంధనం హైదరాబాదుది. దాని కరెంటులో రెండు తెలుగు రాష్ట్రాలకూ వాటా ఉంది.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. రియాక్టరును ఆపేసినా లోపల వేడి వెంటనే చల్లారదు. నీళ్ళు తిప్పుతూనే ఉండాలి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ వల్ల ఆ ఏర్పాటు దెబ్బతిని పెద్ద ప్రమాదం జరిగింది. 1986 నాటి చెర్నోబిల్ సరేసరి. వాడిన ఇంధనాన్ని తరతరాలు జాగ్రత్తగా కాపాడాలి. తారాపూర్ విస్తరణలో అక్కర్‌పట్టి, పోఫ్రన్ గ్రామాలవారు ఊళ్ళు వదిలారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు మత్స్యకారులు అడిగినదీ ఇదే. వెలుగు అందరికీ, చీకటి మాకేనా అని వారి ప్రశ్న. అంబేద్కర్ హాస్టల్ గోడ మీద ఉన్నంత కాలం మనం ఆ ప్రశ్నను మరచిపోకూడదు. నిలకడైన కరెంటూ కావాలి, ఊరు పోగొట్టుకున్నవాడికి న్యాయమూ కావాలి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించగల ఇంజనీరు, అధికారి మన హాస్టళ్ళ నుంచే రావాలి. ఊరు, పొలం, గుడిసె విలువ తెలిసినవారు మనమే కనుక.

మనం నేర్చుకోవలసినది

భాభా సంపద మనకు రాదు. కాని ఆయన గుణాలు మూడు పైసా ఖర్చు లేకుండా మనకు వస్తాయి. మొదటిది, తన ఇష్టాన్ని నాన్నకు ధైర్యంగా చెప్పి, నాన్న షరతును నిజాయితీగా నెరవేర్చడం. రెండోది, పెద్ద పనిని మెట్లుగా విడగొట్టుకోవడం. మూడోది, యంత్రంకంటే మనిషిని ముందు తయారుచేయడం. సైన్సు చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూలు పరీక్ష గురించి ఇప్పటి నుంచే తెలుసుకోండి. ఐ.టి.ఐ. చేసేవారు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., ఎన్.ఎఫ్.సి. అప్రెంటిస్ ప్రకటనలు చూస్తూ ఉండండి. అక్కడికి వెళ్ళిన పూర్వ విద్యార్థులు వెనక్కి తిరిగి మరొకరికి చెయ్యి అందించండి.

ఈసారి పరీక్షలో భాభా పేరు కనిపిస్తే టిక్కు పెట్టండి. ఆ ఒక్క నిమిషం తలెత్తి పైన వెలుగుతున్న లైటు వంక కూడా చూడండి. ఎక్కడో ఒక కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టులో కూర్చున్న మనిషి మీటరు ముల్లు కదలకుండా కాపలా కాస్తున్నాడు. రేపు ఆ కుర్చీలో మన హాస్టల్ విద్యార్థి కూర్చోవాలి.